పీల్చిన ఆవిరిలో ఒంటికి పట్టేదెంత? తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరం వెంబడి రొయ్యల ప్లాంట్లు, ఐస్ ఫ్యాక్టరీలు, హేచరీలు, పెయింటింగ్ షెడ్లు తిరిగి గాలి కొలవడం నా పని. మీటరు చూసి అంకె చెప్పగానే చాలామంది అడిగేది ఒకటే: "గాలిలో ఉండేది సరే సార్, నా ఒంట్లోకి ఎంత పోయింది?" మీటరు ఆ సంగతి చెప్పదు. అది చెప్పే పద్ధతులు వేరే ఉన్నాయి, వాటిలో తిరకాసులూ ఉన్నాయి. ఎక్కువసార్లు విన్న ప్రశ్నల్ని ఇక్కడ ఒకచోట పెట్టాను. కొన్నిటికి జవాబు పెద్దది, కొన్నిటికి ఒక్క ముక్క చాలు.

పీల్చిన ఆవిరి అంతా ఒంట్లోకి పోతుందా?

పోదు. ఊరికే కూర్చున్న మనిషి ఒక్కో శ్వాసకు అర లీటరు గాలి పీలుస్తాడు. అందులో 150 మిల్లీలీటర్ల దాకా ముక్కు, గొంతు, గాలి గొట్టాల్లోనే ఉండిపోయి, ఊపిరితిత్తుల అడుగున రక్తంతో గాలి కలిసే చిన్న గాలి గదుల మొహం చూడకుండా వెనక్కి వచ్చేస్తుంది. మిగతా 350 మాత్రమే ఊపిరితిత్తుల అడుగుకి చేరుతుంది. అక్కడ గాలికీ రక్తానికీ మధ్య ఉండే పొర మందం మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతులో) సగం కూడా ఉండని చోట్లు చాలా ఉన్నాయి. ఆ పొరను విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు వస్తుంది. అంత పలచని, అంత పెద్ద పొర దగ్గర ఆవిరి రక్తంలోకి దిగడం క్షణాల పని. ఎంత దిగుతుందన్నది ఆ ఆవిరి రక్తంలో ఎంత కరుగుతుందన్న దాని మీద ఆధారపడుతుంది.

పెయింట్ థిన్నర్‌లో ఉండే టోలీన్‌ని తీసుకుంటే, పీల్చినదాంట్లో సుమారు సగం లోపల నిలుస్తుంది, సగం తిరిగి బయటికొస్తుంది. అమోనియా కథ పూర్తిగా వేరు. మామూలు మోతాదులో ఉంటే అది ఊపిరితిత్తుల దాకా రానే రాదు.

గ్యాసు, ఆవిరి, దుమ్ము అన్నీ ఒకటేనా?

కాదు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల దుమ్ము, గూడూరు వైపు సిలికా దుమ్ము ఘన రేణువులు. రేణువు ఎక్కడ ఆగుతుందో దాని సైజు నిర్ణయిస్తుంది. ఆవిరికి సైజు లెక్క లేదు, కరిగే గుణమే లెక్క. ఈ పేజీ ఆవిరి గురించి, గ్యాసునీ అందులోనే కలిపి చెబుతున్నాను.

ముక్కులో ఏది ఆగుతుంది, ఊపిరితిత్తుల దాకా ఏది పోతుంది?

ముక్కు రంధ్రం నుంచి గాలి గదుల దాకా లోపలంతా తడే. నీళ్ళలో బాగా కరిగే ఆవిరి మొదట తగిలిన తడికే అంటుకుపోతుంది. అమోనియా, ఫార్మాల్డిహైడ్, సల్ఫర్ డయాక్సైడ్, హైడ్రోజన్ క్లోరైడ్ ఈ రకం. అందుకే ఐస్ ప్లాంటులో అమోనియా లీకైతే ముందుగా కళ్ళు, ముక్కు, గొంతు మండిపోతాయి. ఆ మంట ఒక విధంగా మేలే చేస్తుంది, మనిషిని అక్కడి నుంచి తరిమేస్తుంది. కానీ లీకు పెద్దదై ముక్కు పొర పట్టగలిగిన దానికంటే ఎక్కువ వచ్చిపడితే, మిగిలింది కిందికి దిగుతుంది. గదిలో ఇరుక్కుపోయినవాళ్ళకి ఊపిరితిత్తులు దెబ్బతినేది అప్పుడే.

ఫాస్జీన్, నైట్రోజన్ డయాక్సైడ్, ఓజోన్ దీనికి తిరగబడ్డ రకం. నీళ్ళలో సరిగా కరగవు కాబట్టి ముక్కును పెద్దగా పలకరించకుండానే లోపలికి వెళ్ళిపోతాయి. మొదటి రెండిటితో ఉన్న గొడవ ఇంకొకటుంది: పీల్చినప్పుడు ఏమీ అనిపించకపోయినా, కొన్ని గంటలు పోయాక ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. మూసి ఉన్న ట్యాంకులో కూర్చుని వెల్డింగ్ చేసిన మనిషి "అప్పుడేం కాలేదన్నా, రాత్రికి ఆయాసం పట్టుకుంది" అంటే ఇంట్లో పడుకోబెట్టకండి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

క్లోరిన్ బాగా కరిగేవాటికీ సరిగా కరగనివాటికీ నడిమి రకం అని పుస్తకాల్లో ఉంటుంది. కొలిచి చూస్తే అది కాస్త ఆశ్చర్యపరిచింది, ఆ సంగతి కింద చెబుతాను.

ఒంట్లోకి పోయినదాన్ని అసలెలా కొలుస్తారు?

సూత్రం చిన్నపిల్లాడికీ అర్థమవుతుంది: లోపలికి వెళ్ళింది, బయటికి వచ్చింది, రెండిటి తేడా. కష్టమంతా ఆ "బయటికి వచ్చింది" అనే దాన్ని నిజాయితీగా పట్టుకోవడంలో ఉంది.

సామాన్యంగా ఒక మూసిన గదిలో, పని స్థలాల్లో అనుమతించే మోతాదుకి లోబడి, ఆవిరిని ఒకే స్థాయిలో ఉంచుతారు. ఒప్పుకుని వచ్చిన మనిషి ముఖానికి మాస్కు బిగించి ఉంటుంది. దానికి రెండు కవాటాలు: ఒకటి గాలిని లోపలికే వదులుతుంది, రెండోది బయటికే. బయటికొచ్చిన ఊపిరి పైపు గుండా పెద్ద సంచిలోకి పోతుంది. ఈ సంచి పద్ధతి పాతదే, 1911లో డగ్లస్ అనే శరీరశాస్త్రవేత్త ప్రవేశపెట్టాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. సంచిలో ఎన్ని లీటర్లు చేరాయో కొలిచి, అందులో ఆవిరి ఎంతుందో, వాయువుల్ని విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో చూస్తారు.

లెక్క ఎలా ఉంటుందో అర్థం కావడానికి నేనే కొన్ని అంకెలు వేస్తాను. గాలిలో ఘనపు మీటరుకి 100 మి.గ్రా. ఆవిరి ఉంది, బయటికొచ్చిన ఊపిరిలో 45 ఉంది. అంటే 55 శాతం లోపలే నిలిచింది. మనిషి కూర్చుని నిమిషానికి 8 లీటర్లు పీలుస్తున్నాడు. 4 గంటలకి 1920 లీటర్లు, అంటే 1.92 ఘనపు మీటర్లు. దాన్ని 55తో గుణిస్తే సుమారు 106 మి.గ్రా. ఒంట్లోకి పోయింది.

ఇప్పుడు అదే షెడ్డులో ఇంకొకాయన ఐస్ దిమ్మెలు లాగుతున్నాడు, నిమిషానికి 24 లీటర్లు పీలుస్తున్నాడు అనుకోండి. పని ఎక్కువైనకొద్దీ నిలిచే శాతం కొంత తగ్గుతుంది. 45 శాతానికి పడిపోయిందనుకున్నా 4 గంటల్లో 259 మి.గ్రా. అవుతుంది. గాలి ఒకటే, మీటరు అంకె ఒకటే, ఒంట్లోకి పోయింది మాత్రం రెండున్నర రెట్లు. ఈ ప్రయోగాల్లో జనాన్ని సైకిలు తొక్కిస్తూ కొలిచేది ఇందుకే. ఏసీ గదిలో కూర్చున్న సూపర్‌వైజరుకీ హమాలీకీ ఒకే అంకె చదివి వినిపించి వెళ్ళిపోవడం నాకెప్పుడూ సరిగా అనిపించదు.

మాస్కు బదులు నోట్లో గొట్టం పెట్టి ముక్కుకి క్లిప్పు వేసే పద్ధతీ ఉంది. అందులో ముక్కు లెక్కలోంచి తప్పుకుంటుంది. ముక్కులో ఆగే ఆవిరిని కొలవాలంటే అది పనికిరాదు.

ఎంత పోయిందో సరే, ఎక్కడ ఆగిందో ఎలా తెలుస్తుంది?

మన పెన్నా డెల్టా కాలవల్ని తలుచుకోండి. పైన వదిలిన నీళ్ళెన్ని, చివరి ఆయకట్టుకి చేరినవెన్ని అని చూస్తే మధ్యలో గట్లు తాగిందెంతో తెలుస్తుంది. ఊపిరికీ ఇలాంటి ఉపాయమే చేశారు. గదంతా ఆవిరి నింపకుండా, మనిషి గాలి పీల్చుకుంటుండగా ఒకే ఒక్క చిన్న మోతాదుని గాలిలోకి వదులుతారు. పీల్చడం మొదలవ్వగానే వదిలితే అది అడుగు దాకా పోతుంది. చివర్లో వదిలితే ముక్కు, గొంతు దాటే లోపే శ్వాస వెనక్కి తిరుగుతుంది. వదిలే సమయం మారుస్తూ, ప్రతిసారీ తిరిగొచ్చింది ఎంతో కొలుస్తూ పోతే ఏ లోతులో ఎంత ఆగుతోందో పటం గీయొచ్చు.

క్లోరిన్ మీద ఇలా కొలిస్తే, ఆ తక్కువ మోతాదుల్లో 95 శాతానికి పైగా పైన దారిలోనే ఆగిపోయిందని తేలింది. క్లోరిన్ నీళ్ళలో కరగడంతో ఊరుకోదు, తడితో రసాయన చర్య జరిపి మారిపోతుంది. అందుకే కరిగే గుణం ఒక్కటే చూసి వేసిన అంచనా ఇక్కడ తప్పింది.

బయటికొచ్చే ఊపిరిలో మొదటి భాగం పట్టాలా, చివరిదా?

ఏం తెలుసుకోవాలన్నదాన్ని బట్టి. ఒంట్లో మొత్తం ఎంత నిలిచిందో కావాలంటే ఊపిరి మొత్తాన్నీ సంచిలో కలిపి కొలవాలి. రక్తంలో ఎంతుందో కావాలంటే ఊపిరి చివరి భాగం కావాలి, అది గాలి గదుల నుంచి వచ్చేది కాబట్టి. 1905లో హాల్డేన్, ప్రీస్ట్లీ చేసింది ఎంత తేలికైన పని అంటే, ఒక పొడుగాటి గొట్టంలోకి ఊపిరంతా గట్టిగా ఊదించి, నోటి దగ్గర మిగిలిన చివరి గాలిని పట్టుకున్నారు. ఇప్పటి మిషన్లు చేసేదీ అదే, కాకపోతే కంప్యూటరుతో.

ఈ కొలతల్లో పొరపాట్లు ఎక్కడ వస్తాయి?

పైపుల్లో. నవ్వకండి, నిజం. చదువుకునే రోజుల్లో నేను ల్యాబ్‌లో మామూలు రబ్బరు గొట్టం వాడాను. టోలీన్ రబ్బరులో హాయిగా కరిగిపోతుంది. బయటికొచ్చిన ఊపిరిలో ఆవిరి తక్కువ కనబడింది కాబట్టి, మనిషి ఒంట్లోనే ఎక్కువ నిలిచిందని లెక్క కట్టి సంబరపడ్డాను. మా గైడు గారు ఆ గొట్టం తీసి వాసన చూసి నా చేతిలో పెట్టారు. ఇంకేం మాట్లాడలేదు.

రెండో దొంగ తేమ. లోపలి నుంచి వచ్చే గాలి 37 డిగ్రీల దగ్గర నిండా తడితో ఉంటుంది, దాని పరిమాణంలో 6 శాతం నీటి ఆవిరే. బయటికొచ్చి చల్లబడగానే ఆ నీరు పైపు గోడల మీద చెమ్మలా పడుతుంది. అసిటోన్, ఆల్కహాల్ లాంటివి ఆ చెమ్మలో కరిగి అక్కడే ఉండిపోతాయి. ఏసీ ల్యాబుల్లో ఇది మరీ ఎక్కువ. అందుకే పైపుల్ని ఒంటి వేడికంటే కాస్త ఎక్కువ వేడిలో ఉంచుతారు, ఆవిరిని పీల్చుకోని ప్లాస్టిక్ వాడతారు.

ఒక ఊరట ఏమిటంటే, ఈ రెండు తప్పులూ ఒకే వైపు లాగుతాయి: ఒంట్లోకి పోయిందాన్ని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపిస్తాయి.

బాగా కరిగే ఆవిరి అయితే దాదాపు మొత్తం లోపలే ఉండిపోవాలి కదా?

ఈ ప్రశ్న ఒంగోలులో ఒక డిగ్రీ విద్యార్థి అడిగాడు. చాలా మంచి ప్రశ్న. అసిటోన్ గాలిలో కంటే రక్తంలో కొన్ని వందల రెట్లు ఎక్కువగా కరుగుతుంది. ఆ లెక్కన గాలి గదుల్లోకి వెళ్ళింది వెళ్ళినట్టే రక్తంలో కలిసిపోవాలి. కొలిస్తే నిలిచేది సగం దరిదాపుల్లోనే ఉంటుంది.

మళ్ళీ కాలవ దగ్గరికే పోదాం. కాలవ నిండుగా పారినన్నాళ్ళూ గట్లు నీళ్ళు తాగుతాయి. పైన షట్టర్లు దించగానే, తాగిన గట్ల నుంచే నీరు మళ్ళీ కాలవలోకి ఊరుతుంది. గాలి గొట్టాల గోడలూ అంతే. పీల్చినప్పుడు అసిటోన్ ఆ తడిలో కరుగుతుంది. అది రక్తంలోకి పూర్తిగా దిగేలోపే శ్వాస తిరగబడుతుంది. లోపలి నుంచి ఆవిరి తక్కువున్న గాలి వస్తుంటే, గోడల్లో దాగింది ఊరి దాంట్లో కలిసి బయటికొచ్చేస్తుంది. ప్రతి శ్వాసకీ ఇదే తంతు. ఈ సంగతి తెలియక మునుపు కరిగే గుణం ఒక్కదాన్నే నమ్మి వేసిన లెక్కలన్నీ ఎక్కువ చూపించాయి.

హైవే మీద పోలీసులు ఊదించే మిషన్‌కీ దీనికీ సంబంధముందా?

చాలా ఉంది. ఆ మిషన్ లెక్క అంతా ఒక్క అంకె మీద నడుస్తుంది: 2100 మి.లీ. ఊపిరిలో ఉండే ఆల్కహాల్, 1 మి.లీ. రక్తంలో ఉండేదానికి సమానం అని. మన చట్టం ప్రకారం 100 మి.లీ. రక్తానికి 30 మి.గ్రా. దాటితే కేసు. ఊపిరిలోకి మారిస్తే లీటరుకి సుమారు 0.14 మి.గ్రా. ఆల్కహాల్ కూడా అసిటోన్ లాగే గొట్టాల గోడలతో ఇచ్చిపుచ్చుకుంటూ పోతుంది. కాబట్టి ఎంతసేపు ఊదాడు, ఎలా ఊదాడు అన్నదాన్ని బట్టి అంకె కాస్త అటూఇటూ అవుతుంది. నోట్లో అప్పుడే పోసుకున్న మౌత్‌వాష్ కూడా చూపిస్తుంది, పావుగంట ఆగి ఊదితే పోతుంది. తాగినవాడికి పావుగంటలో ఏమీ పోదు, ఆ ఆశ పెట్టుకోవద్దు.

ఆపరేషన్లో ఇచ్చే మత్తు ఆవిరి త్వరగా ఎక్కాలంటే రక్తంలో బాగా కరగాలా?

అందరూ అలాగే అనుకుంటారు, కానీ తిరగేసి ఉంటుంది. ఈథర్ గాలిలో కంటే రక్తంలో 12 రెట్లు ఎక్కువ నిలుస్తుంది. నైట్రస్ ఆక్సైడ్ 0.47 రెట్లే. అయినా త్వరగా పనిచేసేది నైట్రస్ ఆక్సైడే. మెదడుకి కావలసింది ఆవిరి ఒత్తిడి. బాగా కరిగే మందుని రక్తం తాగుతూనే ఉంటుంది, ఒత్తిడి పెరగదు. పెద్ద బానలో చెంబులతో నీళ్ళు పోసినట్టు ఎంతసేపటికీ మట్టం పైకి రాదు. కరగనిదైతే చిన్న గ్లాసు, వెంటనే నిండుతుంది. 1846 అక్టోబరు 16న బోస్టన్‌లో మోర్టన్ ఈథర్‌తో మత్తిచ్చి చూపించాడు. ఇప్పుడు వాడే సెవోఫ్లురేన్ అనే మత్తుమందుకి ఈ లెక్క 0.65 రెట్లు. మత్తు ఎక్కడమూ దిగడమూ రెండూ తొందరే.

ఎలుకల మీద కొలిచింది మనకి సరిపోతుందా?

కొంత. ఎలుక నోటితో ఊపిరి పీల్చదు, ముక్కుతోనే. దాని ముక్కు లోపల మడతలు మనకంటే చాలా చిక్కుగా ఉంటాయి, జల్లెడలా పట్టేస్తుంది. మత్తిచ్చిన ఎలుక గొంతు దగ్గర గొట్టం పెట్టి, పై దారి గుండా మాత్రమే గాలిని లాగి, ముక్కు ఒక్కటే ఎంత పట్టిందో విడిగా కొలిచే పద్ధతి ఉంది. ఫార్మాల్డిహైడ్ ఎక్కువ మోతాదులో పీల్చిన ఎలుకలకి ముక్కు లోపల క్యాన్సర్ వచ్చింది. ఎందుకు ముక్కులోనే అంటే ఆవిరి ఆగింది అక్కడే కాబట్టి. బరువు పని చేసే మనిషి నోరు తెరిచి పీలుస్తాడు, అతనిలో అదే ఆవిరి ఇంకా కిందికి పోతుంది. ఫార్మాల్డిహైడ్ మనుషులకీ క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. హేచరీల్లో ఫార్మలిన్ (ఫార్మాల్డిహైడ్ కరిగించిన నీళ్ళు) క్యాను మూత తీసి, ముఖం వంచి పోసే తమ్ముళ్ళు ఇది గుర్తుంచుకుంటే బాగుంటుంది.

మూత్ర పరీక్షలో తెలిసిపోదా? ఇంత గొడవ ఎందుకు?

తెలుస్తుంది, జాగ్రత్తగా చదివితే. టోలీన్ ఒంట్లో హిప్యూరిక్ యాసిడ్‌గా మారి మూత్రంలో పోతుంది. కానీ బజారు పచ్చళ్ళలో, కూల్ డ్రింకుల్లో కలిపే సోడియం బెంజోయేట్ కూడా అదే హిప్యూరిక్ యాసిడ్ అవుతుంది. మధ్యాహ్నం సీసా పచ్చడితో అన్నం తిన్న పెయింటరు ఫలితం చూసి కంగారు పడితే లాభం లేదు. అందుకే ఇప్పుడు టోలీన్ నుంచి వచ్చే ఇంకో పదార్థం, ఆర్థో క్రెసాల్ చూడడానికి మొగ్గుతారు. పెట్రోల్ బంకులో బెంజీన్‌కి ఎస్-ఫినైల్ మెర్కాప్చ్యూరిక్ యాసిడ్ చూస్తారు. 2020 మే 7న విశాఖలో లీకైన స్టైరిన్‌కి మాండెలిక్ యాసిడ్. శాంపిల్ షిఫ్టు అయిపోగానే ఇవ్వాలి, మర్నాడు పొద్దున కాదు.

చుట్ట తాగేవాళ్ళు పొగ మింగరు కదా, మరి నికోటిన్ ఎలా ఎక్కుతుంది?

మా తాత అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చేవాడు, పొగ గొంతు దాటనిచ్చేవాడు కాదు. అయినా చుట్ట లేనిదే పొద్దు గడిచేది కాదు. కారణం పొగలోని క్షార గుణం. చుట్ట పొగ క్షార స్వభావంతో ఉంటుంది. అందులో నికోటిన్ విద్యుదావేశం లేని రూపంలో ఉండి నోటి పొరలోంచే రక్తంలోకి దిగుతుంది. కందుకూరు, ఒంగోలు వైపు బ్యారన్లలో కాల్చే వర్జీనియా పొగాకుతో చేసిన సిగరెట్ పొగ కాస్త ఆమ్ల స్వభావం. ఆ నికోటిన్ నోట్లో సరిగా దిగదు, ఊపిరితిత్తుల దాకా లాగితే గానీ పట్టదు. లాగాక మాత్రం చాలావరకు లోపలే నిలిచిపోతుంది. ఒకే పదార్థం, పొగ స్వభావం మారేసరికి ఒంట్లోకి దిగే చోటు మారిపోయింది. ఈ ఉదాహరణ క్లాసులో చెబితే వెనక బెంచీలు కూడా లేస్తాయి.

వాసన రాకపోతే భయం లేనట్టేనా?

ఆ మాట ఎప్పుడూ అనొద్దు. రొయ్యల చెరువు అడుగు నల్లమట్టిలో, ప్లాంటు మురుగు ట్యాంకులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్డు వాసన కొడుతుంది. 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 100 వంతులు) దగ్గరికి వచ్చేసరికి వాసన పట్టే నరం మొద్దుబారిపోతుంది. వాసన పోయింది కాబట్టి గాలి బాగయిందని దిగినవాడు పైకి రాడు, అతన్ని లాగబోయినవాడూ రాడు.

ముఖానికి తడి గుడ్డ కట్టుకుంటే ఆగుతుందా?

అమోనియా కాస్త ఆగుతుంది, నీళ్ళలో కరుగుతుంది కాబట్టి. అదీ తలుపు దాకా పరిగెత్తడానికే, లోపల నిలబడి వాల్వు తిప్పడానికి కాదు. థిన్నర్ ఆవిరికి, కార్బన్ మోనాక్సైడ్‌కి తడి గుడ్డ ఒకటే, లేకపోవడం ఒకటే. ఎన్95 మాస్కు దుమ్ముకే, ఆవిరి దాంట్లోంచి నేరుగా పోతుంది. అమోనియాకి ఆకుపచ్చ గుర్తున్న క్యాట్రిడ్జ్ (మాస్కుకి బిగించే వడపోత డబ్బా) వాడాలి. ఆక్సిజన్ తక్కువున్న ట్యాంకులో ఏ క్యాట్రిడ్జీ పనికిరాదు, బయటి నుంచి గాలి సరఫరా ఉండాల్సిందే.

నా ఊపిరితిత్తులు గాలిని ఎంత బాగా పట్టుకుంటున్నాయో ఆసుపత్రిలో చూపించుకోవచ్చా?

చూపించుకోవచ్చు. డీఎల్‌సీఓ అనే పరీక్ష ఉంది. 0.3 శాతం కార్బన్ మోనాక్సైడ్, దానితోపాటు ఒంటికి పట్టని హీలియం గానీ మీథేన్ గానీ కలిపిన గాలిని ఒక్కసారి నిండా పీల్చి, 10 సెకన్లు బిగబట్టి వదలాలి. విషవాయువే అయినా ఆ కాస్తా హాని చేయదు. మోనాక్సైడ్ ఎంత తగ్గిందన్నది పొర ఎంత బాగుందో చెబుతుంది. రెండో వాయువు ఊరికే పలచబడ్డ వంతుని లెక్కలోంచి తీసేయడానికి. డెన్మార్క్‌లో మారీ క్రోగ్ అనే శాస్త్రవేత్త 1915లోనే ఈ ఒక్క శ్వాస పద్ధతి వాడింది. క్వారీలో ఏళ్ళ తరబడి చేసినవాళ్ళు ఎక్స్‌రేతో సరిపెట్టుకోకుండా దీని గురించి ఛాతీ డాక్టరుని అడగడం మంచిది. పరీక్షకు ముందు బీడీ కాలిస్తే రక్తంలో అప్పటికే మోనాక్సైడ్ ఉంటుంది, ఫలితం తప్పొస్తుంది.

జలుబుకి జామాయిల్ ఆకు ఆవిరి పడితే ముక్కు నిజంగా తెరుచుకుంటుందా?

వేడి ఆవిరికి కాస్త హాయిగా ఉంటుంది. ఇక జామాయిల్ నూనె, మెంథాల్ లాంటివి చేసేది ముక్కులోని చలి తెలిపే నరాల్ని మేల్కొల్పడం. గాలి చల్లగా తగులుతున్నట్టు అనిపిస్తుంది. మెంథాల్ పీల్చకముందూ పీల్చాకా ముక్కులో గాలి ఆడే తీరు మిషన్‌తో కొలిచి చూశారు, మార్పేమీ లేదు. మా ఇంట్లో ఈ మాట చెప్పినా ఎవరూ వినరు, తుంపర మొదలైతే పొయ్యి మీద ఆకు ఉడుకుతూనే ఉంటుంది. నేనూ దుప్పటి కప్పుకుని కూర్చుంటాను.